మందుచీటీతో పాటు ఇంటిల్లిపాదినీ పిలవండి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవక, కుదురుగా ఉండలేక ఇబ్బందిపడే సమస్య) ఉన్న పిల్లల గురించి ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. లక్షణాలు, మందులు, బడిలో తీసుకోవలసిన జాగ్రత్తలు వివరంగా రాశారు. ఇంట్లోవాళ్ళ గురించి మాత్రం చివర్లో ఒకే ఒక్క వాక్యం ఉంది, "పెద్దలు ఓపికగా ఉండాలి" అని. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం. ఓపికగా ఉండమని నాకు చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎలా ఉండాలో తెలిసింది మాత్రం మరో ఐదు కుటుంబాలతో కలిసి పది వారాలు ఒక గదిలో కూర్చున్న తర్వాతే.

నేను తాతయ్యని. 34 ఏళ్ళు అకౌంట్స్ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కొడుకు, కోడలు ఇద్దరూ ఉద్యోగాలకి వెళతారు కాబట్టి మనవడు బడి నుంచి వచ్చిన దగ్గర్నుంచి వాళ్ళు ఇల్లు చేరేదాకా వాడి బాధ్యత నాదీ, మా ఆవిడదీ. వాడికిప్పుడు 11 ఏళ్ళు. నేను రాస్తున్నది వాడి ఎనిమిదో ఏట జరిగిన సంగతి.

కూర్చోమంటే కుర్చీలో మోకాళ్ళ మీద నిలబడేవాడు. లెక్కల పుస్తకం తెరిచి మూడో లెక్క దగ్గర లేచి వెళ్ళేవాడు. దారిలో బూటు లేసు కనిపిస్తే అది విప్పి కట్టి, కిటికీ దగ్గర కాసేపు ఆగి, తిరిగొచ్చేసరికి ఏ లెక్క చేస్తున్నాడో వాడికే గుర్తుండేది కాదు. టీచరు ప్రశ్న పూర్తిగా అడక్కముందే జవాబు అరిచేవాడట. ఆటల్లో తన వంతు వచ్చేదాకా ఆగలేక తోటిపిల్లల్ని తోసేవాడు. రెండో తరగతి అయ్యేసరికి వాణ్ణి పుట్టినరోజుకి పిలిచే స్నేహితుడు ఒక్కడు కూడా మిగల్లేదు. అదే పిల్లవాడు బొమ్మ ముక్కలతో వంతెన కడుతుంటే గంటన్నర కదిలేవాడు కాదు. అది చూపించి నేను కోడలితో వాదించేవాణ్ణి. "శ్రద్ధ లేకపోవడమేమిటమ్మా, ఇష్టం లేదంతే. నువ్వు గారం చేశావు, రెండు తగిలిస్తే దారికొస్తాడు" అనేవాణ్ణి. అనడమే కాదు, తగిలించాను కూడా. చాలాసార్లు.

డాక్టరు గారు వాడికి ఒక్కరోజులో పేరు పెట్టెయ్యలేదు. బడిలో ఒక ఫారం, ఇంట్లో ఒక ఫారం నింపించారు. లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉన్నాయా, 12 ఏళ్ళలోపే మొదలయ్యాయా, ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా కనిపిస్తున్నాయా, వాటివల్ల చదువో స్నేహాలో దెబ్బతింటున్నాయా అని చూశారు. వినికిడి, నిద్ర, భయాలు లాంటి వేరే కారణాలు ఉన్నాయేమో కూడా చూశారు. అప్పుడు చెప్పారు ఏడీహెచ్‌డీ అని. ప్రపంచం మొత్తం మీద చూస్తే నూటికి అయిదుగురు పిల్లల్లో ఉంటుందట. అంటే 40 మంది ఉన్న తరగతిలో ఇద్దరు.

నేను నమ్మలేదు. నాకది క్రమశిక్షణ లోపంలాగే కనిపించింది. తర్వాత చదివితే తెలిసింది, 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లల గురించి ఉపన్యాసాలిస్తూ, తెలివితేటలు బాగానే ఉన్నా వీళ్ళలో నైతిక నియంత్రణ లోపించిందని అన్నాడట. నేను నూరేళ్ళు దాటాక కూడా ఆయన మాటల దగ్గరే ఆగిపోయి ఉన్నాను. ఆయనైనా పిల్లల్ని పరీక్షించి ఆ మాట అన్నాడు. నేను అరుస్తూ అన్నాను.

డాక్టరు గారు మందు రాశారు. దాంతో పాటు ఫ్యామిలీ గ్రూప్ థెరపీకి రమ్మన్నారు. తల్లి ఒక్కతే వస్తే చాలదని, సాయంత్రాలు వాడి దగ్గర ఎవరుంటే వాళ్ళు కూడా రావాలని గట్టిగా చెప్పారు. నలుగురిలో కూర్చుని ఇంటి గొడవలు చెప్పుకోవడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. "జబ్బు వాడికైతే నేనెందుకు రావాలి" అన్నాను. మా ఆవిడ నాతో వాదించలేదు. "మీరు రాకపోతే నేనొక్కదాన్నే వెళతాను, వాడి సంగతి ఇక నేనే చూసుకుంటాను" అంది. వెళ్ళాను.

ఆరు కుటుంబాలు. వారానికి ఒక సాయంత్రం, రెండు గంటలు. మొదటి గంట పెద్దలం ఒక గదిలో, పిల్లలు పక్కగదిలో వేరే థెరపిస్టుతో. రెండో గంట అందరం ఒకేచోట.

మొదటి వారం మమ్మల్ని ఏమీ మార్చుకోమనలేదు, లెక్కపెట్టమన్నారు. పిల్లవాడు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఎన్ని పనులు చెప్పాం, వాటిలో ఎన్ని కేకేసి చెప్పాం, ఎన్ని పూర్తయ్యాయి, ఎన్నిసార్లు మెచ్చుకున్నాం. లెక్కలు రాయడం నాకు బాగా వచ్చిన పని. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని నిలువు గీతలు గీశాను. మంగళవారం చెప్పిన పనులు 58. కేకేసి చెప్పినవి 31. పూర్తయినవి 9. మెచ్చుకున్నది సున్నా. బుధవారం మెచ్చుకోలు దగ్గర ఒక గీత ఉంది. "ఈ ఒక్కరోజైనా చెప్పగానే లేచావు" అన్నాను, దానికి గీసిన గీత అది. అది మెచ్చుకోలు కాదని నాకే అనిపించి గురువారం కొట్టేశాను. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది.

తర్వాతి వారం అందరం కాగితాలు బయటపెట్టాం. నా పక్కన కూర్చున్న ఒక తల్లి తన కాగితం మడిచి పట్టుకుని చాలాసేపు విప్పలేదు. విప్పితే ఆమెదీ సున్నాయే. ఆ గదిలో అప్పుడు కలిగిన ఊరట ఇంకెక్కడా దొరికేది కాదు. అంతకుముందు రెండుసార్లు మేం విడిగా కౌన్సెలింగ్‌కి వెళ్ళాం. చెప్పిన మాటలు దాదాపు ఇవే. తలూపి ఇంటికొచ్చాం, మర్నాటికి మళ్ళీ మామూలే. అక్కడ మేం తప్పు చేసినవాళ్ళలా కూర్చున్నాం. ఇక్కడ పన్నెండు మందికి పైగా ఒకే బాధ పడుతున్నవాళ్ళం.

ఈ సున్నాలు ఎలా వస్తాయో థెరపిస్టు బోర్డు మీద గీసి చూపించారు. గెరాల్డ్ ప్యాటర్సన్ అనే అమెరికన్ సైకాలజిస్టు కుటుంబాలను దగ్గరగా గమనించి దశాబ్దాల కిందటే చెప్పిన సంగతి అది. పెద్దవాళ్ళు పని చెబుతారు. పిల్లవాడు మొండికేస్తాడు. పెద్దవాళ్ళు గొంతు పెంచుతారు, వాడూ పెంచుతాడు. ఆఖరికి పెద్దవాళ్ళు విసిగి వదిలేశారనుకోండి, గట్టిగా ఏడిస్తే పని తప్పుతుందని వాడు నేర్చుకుంటాడు. కేకేసి ఒకటిచ్చారనుకోండి, అప్పటికి వాడు లేస్తాడు, కేకేస్తేనే పని జరుగుతుందని పెద్దవాళ్ళు నేర్చుకుంటారు. ఎలా ముగిసినా రేపటి గొడవ ఇవాళ్టి కంటే పెద్దదే. మా ఇంట్లో రోజూ హోంవర్క్ వేళ జరిగేది ఎవరో చూసి గీసినట్టుంది ఆ బొమ్మ.

తర్వాతి వారాల్లో పద్ధతులు నేర్పారు. వినడానికి చాలా చిన్నవి. పక్కగదిలోంచి "బ్యాగు సర్దు, బూట్లు తియ్యి, చేతులు కడుక్కో" అని ఒకే ఊపున చెప్పకూడదు. దగ్గరికి వెళ్ళి, పేరు పెట్టి పిలిచి, వాడు మనవైపు చూశాక ఒక్క పని, నాలుగు మాటల్లో చెప్పాలి. చెప్పాక నోరు మూసుకుని మనసులో అయిదు లెక్కపెట్టాలి. వాడు కదలగానే ఏ పని చేశాడో చెప్పి మరీ మెచ్చుకోవాలి. "శభాష్" అని ఊరుకుంటే చాలదు, "పిలవగానే వచ్చి బూట్లు అరలో పెట్టావు" అనాలి. "నెలంతా బుద్ధిగా ఉంటే సైకిల్ కొంటా" అన్న బేరం ఈ పిల్లల దగ్గర పనిచేయదు. నెల వాళ్ళకి అందనంత దూరం. ఇప్పుడు చేసిన పనికి ఇప్పుడే ఒక స్టార్, సాయంత్రానికి ఆ స్టార్లకి ఏదో ఒక చిన్న సంతోషం. ఆట ఆపాల్సి వస్తే అయిదు నిమిషాల ముందే చెప్పాలి. హోంవర్క్ పది నిమిషాల ముక్కలు చేసి, మధ్యలో లేచి తిరగనివ్వాలి.

నాకు అన్నిటికంటే కష్టమైంది రోజుకి పది నిమిషాల ఆట. వాడు ఏ ఆట అంటే ఆ ఆట, వాడే పెద్ద. నేను నేర్పకూడదు, సరిదిద్దకూడదు, ప్రశ్నలు కూడా వేయకూడదు. వాడు వంతెన కడుతుంటే "ఎర్ర ముక్క అడుగున పెట్టావు" అని చూసింది చూసినట్టు చెప్పాలి. మొదటిరోజు రెండు నిమిషాలకే "అది అలా కాదురా" అనేశాను. వాడు ముక్కలు నావైపు తోసేసి "నువ్వే కట్టుకో తాతయ్యా" అన్నాడు. నాలుగో రోజుకి పది నిమిషాలూ ఆగగలిగాను. ఆ రోజు రాత్రి పడుకోబోతూ వాడు నా దగ్గరికొచ్చి "రేపు కూడా పది నిమిషాలుంటాయా" అని అడిగాడు.

అయిదో వారం జరిగింది ఈ ఉత్తరానికి అసలు కారణం. ఆరోజు పిల్లల్ని మార్చారు. ఎవరి పిల్లలు వాళ్ళతో కాకుండా, వేరే కుటుంబం పెద్దలతో జతకట్టించారు. బొమ్మ చూసి ముక్కలతో ఒక గోపురం కట్టాలి, పావుగంట టైమర్ పెట్టారు. నా దగ్గరికి తొమ్మిదేళ్ళ అమ్మాయి వచ్చింది. మావాడిలా గెంతే పిల్ల కాదు. నాలుగో ముక్క చేత్తో పట్టుకుని ఎటో చూస్తూ అలాగే ఉండిపోయింది. ఇలా నిశ్శబ్దంగా ఎటో వెళ్ళిపోయే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడరట. ఆ పిల్లకి నేను "తర్వాత ఏ రంగో చూద్దామా తల్లీ" అన్నాను. మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ అదే మాట, అదే గొంతుతో చెప్పాను. మూడోసారీ అంతే. టైమర్ మోగేసరికి మా గోపురం సగమే అయింది. ఆ పిల్ల నన్ను చూసి నవ్వింది.

అవతలి బల్ల దగ్గర మావాడు ఒక తల్లితో ఉన్నాడు. నిలబడి, బల్ల చుట్టూ తిరుగుతూ కడుతున్నాడు. ఆమె ఒక్కసారి కూడా కూర్చోమనలేదు. వాడి గోపురం పూర్తయింది.

ఏం గమనించారని థెరపిస్టు అడిగితే నాకు మాట రాలేదు. మా ఆవిడ నావైపు తిరిగి మెల్లిగా అంది, "ఆ పిల్లతో మాట్లాడినట్టు మనవాడితో ఏనాడైనా మాట్లాడారా అండీ?" అని. నాకు ఓపిక లేదని అందరితో పాటు నేనూ నమ్మాను. ఉంది. పరాయి పిల్ల దగ్గర పావుగంట నిండుగా ఉంది. మనవడి దగ్గర అది ఎందుకు పోతోందో ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఆలోచించాను. ఆ అమ్మాయి రేపు ఏమవుతుందో అన్న దిగులు నాకు లేదు. మావాడి విషయంలో ఉన్నది అదే. మూడో లెక్క దగ్గర లేచిన ప్రతిసారీ వీడు పెద్దయ్యాక ఎలా బతుకుతాడన్న భయం కేకగా బయటికొస్తోంది. ఈ సంగతి నాకు ఏ డాక్టరూ విడిగా కూర్చోబెట్టి చెప్పి ఒప్పించలేకపోయేవారు. ఇంకొకరి పిల్లతో కూర్చుంటేనే నాకు తెలిసింది.

ఏడో వారం మాట కూడా రాస్తాను, మా అబ్బాయి ఒప్పుకున్నాడు కాబట్టి. ఏడీహెచ్‌డీ చాలావరకు వంశపారంపర్యంగా వస్తుందని, కవలల మీద జరిగిన అధ్యయనాల్లో అందులో జన్యువుల పాత్ర 70 శాతం పైనే తేలిందని ఆరోజు చెప్పారు. పెంపకం వల్ల వచ్చేది కాదన్నమాట. కోడలు ఆ మాట వినగానే ఏడ్చింది. ఎనిమిదేళ్ళు నేను ఆమెనే అంటూ వచ్చాను. అప్పుడు మా అబ్బాయి, 38 ఏళ్ళవాడు, నేల చూస్తూ, "నన్ను కూడా ఇలాగే కొట్టేవాడివి నాన్నా. నాకు కూడా ఎందుకు గుర్తుండదో తెలిసేది కాదు" అన్నాడు. అందరి ముందూ వాడి చెయ్యి పట్టుకున్నాను. ఆ తర్వాత తనూ పరీక్ష చేయించుకున్నాడు. తనకీ ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళకే ఇది ఉన్నప్పుడు స్టార్ చార్ట్ రోజూ నింపడం వాళ్ళకెంత కష్టమో ఆలోచించండి. మా ఇంట్లో ఆ పని నాది, అకౌంట్స్ మనిషిని కాబట్టి.

అతిశయోక్తి రాయకూడదు కాబట్టి ఇది కూడా చెప్పాలి. గ్రూప్ థెరపీ ఏడీహెచ్‌డీని తీసెయ్యదు. మావాడు ఇప్పటికీ వాటర్ బాటిల్ పోగొట్టుకుంటాడు, ఇప్పటికీ మోకాళ్ళ మీదే నిలబడతాడు. మందు వాడికి పనిచేసింది, దాన్ని మానమని నేను అనడం లేదు. ఇలాంటి శిక్షణల మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2013లో పరిశోధకులు చూశారు. తల్లిదండ్రులే మార్కులు వేసినప్పుడు పిల్లల ఏడీహెచ్‌డీ లక్షణాలు తగ్గినట్టు కనిపించింది కానీ, చికిత్స సంగతి తెలియనివాళ్ళు చూసి వేసినప్పుడు ఆ మార్పు నిలబడలేదు. మరుసటి ఏడాది ఇంకో పరిశీలనలో మాత్రం, తెలియనివాళ్ళు చూసినప్పుడు కూడా, పెద్దల తీరు మెరుగుపడింది, పిల్లల మొండితనం, ఎదురుతిరగడం తగ్గాయి. మా అనుభవం అచ్చంగా ఇదే. వాడి మెదడు మారలేదు. మా ఇంట్లో సాయంత్రాలు మారాయి.

అమెరికాలో 579 మంది పిల్లల మీద జరిగి 1999లో ఫలితాలు వెలువడ్డ పెద్ద అధ్యయనంలో కూడా, లక్షణాలు తగ్గించడంలో జాగ్రత్తగా ఇచ్చిన మందుదే పైచేయి. అయితే మందు, శిక్షణ రెండూ అందిన పిల్లలకి తక్కువ మోతాదుతో సరిపోయింది. ఆ పిల్లల్లోనే, ఇంట్లో పెద్దలు కోపంతో వేసే శిక్షలు బాగా తగ్గించుకున్న చోట, బడిలో ప్రవర్తన తోటివాళ్ళతో సమానంగా వచ్చింది. ఇల్లు మారితే బడిలో కనిపించిందన్నమాట.

ఇదంతా తెలిసి కూడా ఇలాంటి గ్రూపులు ఎందుకింత తక్కువ? ఆరేళ్ళలోపు పిల్లలకి మందు కంటే ముందు తల్లిదండ్రులకి శిక్షణ ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో చెప్పింది. అయిదేళ్ళలోపు పిల్లల తల్లిదండ్రులకి ముందుగా గ్రూపు శిక్షణే ఇవ్వాలని బ్రిటన్ మార్గదర్శకాలు 2018లో చెప్పాయి. పిల్లల మానసిక వైద్యం చేసే ప్రతిచోటా ఒక గది, ఇద్దరు శిక్షణ ఉన్న మనుషులు, వారానికి రెండు గంటలు ఉంటే మొదలుపెట్టొచ్చు. ఒక్కో కుటుంబానికి విడిగా చెప్పే గంటలతో పోలిస్తే ఇది డాక్టర్లకీ కలిసొస్తుంది.

ఒక్కటి మాత్రం తప్పనిసరిగా చూడాలి, అది వేళ. మా గ్రూపులో ఒక తల్లి మొదటినుంచీ ఒక్కతే వచ్చేది. ఇక్కడ నేర్చుకున్నది ఇంటికెళ్ళి చేయబోతే భర్త, అత్తగారు "నువ్వు అక్కడికి వెళ్ళి వాడికి భయం లేకుండా చేస్తున్నావు" అనేవారట. నాలుగో వారం నుంచి ఆమె రావడం మానేసింది. ఆ కుర్చీ చివరిదాకా ఖాళీగానే ఉంది. నేను వెళ్ళకపోయి ఉంటే మా కోడలిదీ అదే పరిస్థితి. పగటిపూట పెడితే తల్లులే వస్తారు, తిట్లూ వాళ్ళే తింటారు. సాయంత్రాలో, సెలవు రోజుల్లోనో పెట్టండి. పిలిచే కాగితం మీద తండ్రి పేరు, తాతా నానమ్మల పేర్లు కూడా రాయండి. తల్లితో నోటిమాటగా "వీలైతే మీవారిని తీసుకురండి" అంటే ఎవరూ రారు. నేను వచ్చేవాణ్ణి కాదు.

మీ వ్యాసకర్త గారిని కూడా ఒక కోరిక కోరుతున్నాను. ఆ "ఓపికగా ఉండాలి" అన్న వాక్యాన్ని ఇంకో వ్యాసంగా రాయించండి. ఎలా ఉండాలో, ఎక్కడ నేర్చుకోవచ్చో రాయించండి.

మనవడు బడిలో ఇబ్బంది పడకూడదు కాబట్టి నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక తాతయ్య

తా.క. పంపే ముందు ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించాను, వాడి గురించి కాబట్టి వాడి అనుమతి కావాలి. రెండుసార్లు లేచి తిరిగొచ్చాడు కానీ మొత్తం విన్నాడు. పిల్లల గది గురించి ఏమీ రాయలేదేమని అడిగాడు. నేను అందులో లేనురా అంటే, తనే చెబుతూ నాచేత రాయించాడు. "మేం ఆరుగురం ఉండేవాళ్ళం. మొదటిరోజు ఎవరెవరు ఏమేం పోగొట్టుకున్నారో చెప్పమన్నారు, అందరూ చేతులెత్తారు. నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాడు కూడా ఉన్నాడు. కోపం ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో బొమ్మ మీద రంగు వేయించారు, నాకు చెవుల్లో. చెవులు వేడెక్కితే లేచి నీళ్ళు తాగాలని నేర్పారు. ఇప్పుడు పెద్ద క్లాసు పిల్లలకి అలాంటి గది లేదు. నాకు పదకొండేళ్ళు వచ్చేశాయి, మళ్ళీ పెట్టమని రాయి తాతయ్యా."